దూరప్రయాణపు సైకిలు: ఎంపిక, అమరిక, మారకం

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి

సైకిలు ఎరగని ఇల్లు మన తెలుగునాట లేదంటే అతిశయోక్తి కాదు. బడికీ, పొలానికీ, సంతకూ, పాలకేంద్రానికీ దాని మీదే వెళ్ళిన తరాలు మనవి. అయినా "సైకిలు గురించి చదవడానికేముంది? ఎక్కి తొక్కడమేగా!" అనే అభిప్రాయం చదువుకున్నవాళ్ళలో సైతం కనబడుతుంది. ఈ అభిప్రాయం ఎంత పొరపాటో తెలియాలంటే, గుడారమూ, వంటగిన్నే, బట్టలూ అన్నీ సైకిలుకే కట్టుకుని వారాల తరబడి దేశాలు తిరిగేవారిని చూడాలి. వాళ్ళ చేతుల్లో సైకిలును ఎంచుకోవడం, అమర్చుకోవడం, పాత భాగాలను ఒకరి నుంచి ఒకరు మార్చుకోవడం ఒక చిన్న శాస్త్రంగానే పెరిగింది. అందులో మనం బి.ఎస్సీ.లో చదివే భౌతిక, రసాయన శాస్త్రాలు అడుగడుగునా కనబడతాయి.

ఈ విషయం వ్రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. సెలవుల్లో శ్రీశైలమో, అరకో సైకిలు మీద వెళ్దామనే మాట మన హాస్టళ్ళలో ఏటా వినబడుతుంది. కొత్త గేరు సైకిలు ధర వినగానే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. లేదా ఎవరో ఒకరు పాత సైకిలును రంగు చూసి కొనుక్కొస్తారు. ఘాటు దిగేటప్పుడు ఫోర్కు విరిగితే పోయేది డబ్బు మాత్రమే కాదు. కనుక మన దగ్గర తక్కువగా ఉన్న డబ్బుకు బదులు, ఉచితంగా దొరికే తెలివిని వాడుకోవడమెలాగో చూద్దాం.

1. కొంచెం చరిత్ర

ముందొక పెద్ద చక్రం, వెనుకొక చిన్న చక్రం ఉన్న రోజుల్లోనే దూరప్రయాణాలు మొదలయ్యాయి. ఇంగ్లండులో 1878లో సైకిలు యాత్రికుల సంఘం ఒకటి ఏర్పడి, తర్వాత సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. 1884-86 మధ్య థామస్ స్టీవెన్స్ అనే ఆయన ఆ పెద్ద చక్రం సైకిలు మీదనే భూగోళాన్ని చుట్టాడు. దారిలో మన దేశం కూడా వచ్చాడు. 1885లో స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు, 1888లో డన్లప్ గాలి టైరు వచ్చాక, నేడు మనం తొక్కే సైకిలు రూపం స్థిరపడింది.

గేర్ల చరిత్రలో స్మరించదగిన వ్యక్తి ఫ్రాన్సుకు చెందిన పాల్ ద వీవీ (1853-1930). వెలోసియో అనే కలం పేరుతో పత్రిక నడుపుతూ, కొండదారుల్లో యాత్రికునికి ఒకటికి మించిన గేర్లు కావాలని జీవితమంతా వాదించాడు. పందెంగాళ్ళు అది ముసలివాళ్ళ పని అని వెక్కిరించారు. చిత్రమేమిటంటే, టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేరు మార్చే డెరైలరును 1937లో గాని అనుమతించలేదు. అంటే ఈ విషయంలో పందెంగాళ్ళ కంటే మామూలు యాత్రికులే ముందున్నారన్నమాట!

మనవాళ్ళూ తక్కువ తినలేదు. 1923లో బొంబాయి నుంచి బయలుదేరిన పార్సీ యువకుల్లో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా అనే ముగ్గురు ప్రపంచమంతా చుట్టి 1928లో తిరిగివచ్చారు. అమెరికాలో 1976లో స్వాతంత్ర్య ద్విశతాబ్ది సందర్భంగా ఒరెగాన్ నుంచి వర్జీనియా దాకా సాగిన బైక్‌సెంటెనియల్ యాత్రలో నాలుగు వేల మందికి పైగా పాల్గొన్నారు. ఆ తర్వాత యాత్రకే ప్రత్యేకించిన సైకిళ్ళకు అక్కడ గిరాకీ పెరిగింది.

2. ఎంపిక: ముందు ఫ్రేము, తర్వాతే తక్కినవి

తలపండిన యాత్రికులు సైకిలును చూసేటప్పుడు రంగునూ, స్టిక్కర్లనూ చూడరు. వాళ్ళు ముందుగా చూసేది వెనుక గొట్టాల పొడవు. పెడలు ఇరుసు నుంచి వెనుక చక్రం ఇరుసు దాకా పందెపు సైకిలులో సుమారు 41 సెంటీమీటర్లు ఉంటే, యాత్రా సైకిలులో 44 నుంచి 46 దాకా ఉంటుంది. ఈ నాలుగైదు సెంటీమీటర్లు ఎందుకంటే, వెనుక సంచులు కట్టినప్పుడు మడమ వాటికి తగలకూడదు, బరువు వెనుక ఇరుసుకు వెనక్కి పోకూడదు. ఎద్దుబండి కట్టినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కరలేదు. బస్తాలు వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు వేస్తే ఎద్దుల మెడ మీద పడుతుంది. సైకిలులోనూ అంతే. బరువు వెనక్కి జరిగేకొద్దీ ముందు చక్రం తేలిపోయి హ్యాండిలు ఊగుతుంది.

తర్వాత లోహం. ఇక్కడ మన లాబొరేటరీలో చేసే యంగ్ గుణకం ప్రయోగం గుర్తుకు తెచ్చుకోవాలి. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానిది సుమారు 70. మామూలు ఉక్కుకూ, ఖరీదైన ఉక్కుకూ ఈ విలువలో దాదాపు భేదం లేదు. మరి ఖరీదైన ఉక్కు గొప్పదనమేమిటి? దాని బలం ఎక్కువ. కాబట్టి గొట్టం గోడ పలచగా చేసినా విరగదు. 1935లో రేనాల్డ్స్ కంపెనీ తెచ్చిన 531 అనే మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టాలు ఇందుకే దశాబ్దాల పాటు యాత్రికుల మన్నన పొందాయి. గొట్టం రెండు కొసల్లో మందంగా, నడుమ పలచగా ఉండే పద్ధతికి ఆ కుటుంబం 1897లోనే పేటెంటు తీసుకుంది. ఒత్తిడి కొసల్లోని అతుకుల దగ్గరే ఎక్కువ కాబట్టి లోహాన్ని అక్కడే పెట్టారు. తూకం తగ్గింది, బలం తగ్గలేదు.

ఇంకో ముఖ్యమైన భేదం అలసట. ఒక పరిమితికి లోబడిన ఒత్తిడిని ఉక్కు లక్షలసార్లు మోసినా చెక్కుచెదరదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ఒత్తిళ్ళు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. అల్యూమినియం చెడ్డదని దీని అర్థం కాదు. అయితే పాత అల్యూమినియం హ్యాండిలును, స్టెమ్మును నమ్మి కొండ దిగడం మాత్రం తెలివైన పని కాదు.

ఇక ఫ్రేము ఎత్తు. రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబడితే పై గొట్టానికీ శరీరానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందైనా ఉండాలి. పొట్టిగా ఉన్నవారు, ముఖ్యంగా విద్యార్థినులు, "పెద్దదైతే ఏంలే, అలవాటవుతుంది" అనే అమ్మేవాడి మాట వినకూడదు. సీటును పైకీ కిందికీ జరపవచ్చుగాని, ఫ్రేమును సాగదీయలేం.

3. చక్రం: అంకెల తికమక

కొత్తవారు ఎక్కువగా మోసపోయేది చక్రం కొలత దగ్గర. "26 అంగుళాలు" అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటే అనుకుంటాం. కాని నిజంగా చూడవలసింది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం. అది మిల్లీమీటర్లలో ఉంటుంది.

26 × 1⅜ అని రాసినది: 590 మి.మీ.
కొండ సైకిళ్ళ 26: 559 మి.మీ.
పాత ఫ్రెంచి యాత్రా సైకిళ్ళ 650బి, నేటి 27.5: రెండూ 584 మి.మీ.
700సి, నేటి 29: రెండూ 622 మి.మీ.
మన పెద్ద నల్ల సైకిలు 28 × 1½: 635 మి.మీ.

చూశారా! 700సి టైరు మీద కూడా కొన్నిచోట్ల 28 అని అచ్చువేస్తారు. దాన్ని నమ్మి మన 28 రిమ్ముకు తెస్తే 13 మిల్లీమీటర్లు తక్కువై ఎక్కనే ఎక్కదు. అందుకే అనుభవజ్ఞులు అంగుళాల మాట వినగానే "ఆ రెండో అంకె చెప్పండి" అంటారు. టైరు పక్కన 32-622 అని ఉంటే, వెడల్పు 32, కూర్చునే వ్యాసం 622 అని అర్థం.

ఏ కొలత మంచిదన్న వాదన యాత్రికుల్లో తెగేది కాదు. దానికి నాకు తోచిన జవాబు ఒక్కటే. మీరు వెళ్ళే దారిలోని చిన్న ఊళ్ళో ఏ టైరు దొరుకుతుందో అదే మంచిది. ఇక పుల్లలు వెనుక చక్రానికి 36కు తక్కువ ఉండకూడదనేది బరువుతో వెళ్ళేవారి పాత నియమం. పుల్ల ఒకటి తెగినా మిగిలినవి భారం పంచుకుంటాయి, బెండు తీయించుకునే ఊరు దాకా చేరుకోవచ్చు.

4. గేర్ల లెక్క

ఇది ఈ వ్యాసానికంతటికీ గుండెకాయ వంటిది. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మా ఇంటి నల్ల సైకిలుకు ముందు చైను చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. 44ను 18తో భాగించి, చక్రం వ్యాసం 28 అంగుళాలతో గుణిస్తే 68.4 వస్తుంది. దీన్ని గేరు అంగుళాలు అంటారు. దాన్ని పై విలువతో గుణించి మీటర్లలోకి మారిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు 5.46 మీటర్లు పోతుంది.

మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలనుకోండి. నూటికి 6 చొప్పున ఎక్కే ఘాటులో, పెడలు ఒక్క చుట్టుకు ఈ 100 కిలోలూ 32.8 సెంటీమీటర్లు పైకి లేవాలి. పెడలు కట్టె పొడవు 17 సెంటీమీటర్లయితే పాదం ఒక్క చుట్టులో నడిచే దూరం 1.068 మీటర్లు. చేసిన పని సమానం కాబట్టి, గాలినీ రాపిడినీ వదిలేసినా, పాదం చుట్టు పొడుగునా సగటున 30.7 కిలోల బలంతో నెట్టాలి. నిమిషానికి 60 చుట్లు తిప్పాలంటే 321 వాట్ల సామర్థ్యం కావాలి. అంటే అర అశ్వసామర్థ్యానికి కొంచెమే తక్కువ. మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది సుమారు 100 వాట్లే. ఇప్పుడు అర్థమైందా, ఘాటులో మనం దిగి ఎందుకు నెడతామో!

అదే యాత్రా సైకిలులో ముందు చిన్న చక్రానికి 26 పళ్ళు, వెనుక పెద్దదానికి 32 పళ్ళు, చక్రం వ్యాసం 27 అంగుళాలు అనుకుందాం. గేరు 21.9 అంగుళాలు. ఒక్క చుట్టుకు 1.75 మీటర్లు. పైకి లేచేది 10.5 సెంటీమీటర్లు. పాదం మీద సగటు బలం 9.8 కిలోలు. 60 చుట్లకు 103 వాట్లు. వేగం గంటకు 6.3 కిలోమీటర్లే, నడకకన్నా కొంచెం ఎక్కువ. అయినా ఆగకుండా కూర్చునే ఎక్కుతాడు. గేరు పనిని తగ్గించదు. ఆ పనిని మన శరీరం భరించగల ముక్కలుగా కోసి ఇస్తుంది, అంతే.

అందువల్ల గేరు సైకిలు కొనేటప్పుడు "ఎన్ని గేర్లు?" అని అడగడం సరైన ప్రశ్న కాదు. 18 గేర్లని చెప్పే సైకిలులో 36/18, 48/24 రెండూ ఉన్నాయనుకోండి, రెండూ ఒకటే గేరు. "అన్నిటికన్నా తేలిక గేరు ఎన్ని అంగుళాలు?" అని అడగండి. 25 లోపు అయితే సామానుతో కొండ ఎక్కవచ్చు. 40 అయితే మైదానానికి సరి.

5. అమరిక

ఎంపిక అయ్యాక అమరిక. సామానుకు మొదటి సూత్రం కిందికి, దగ్గరికి. వీపు మీద సంచి మోస్తే గరిమనాభి పైకి పోతుంది, నడుము విరుగుతుంది, సీటు మీద ఒత్తిడి పెరుగుతుంది. క్యారియరుకు రెండు పక్కలా సంచులు వేలాడదీయాలి. బరువు ఎక్కువైతే ముందు ఫోర్కుకు కూడా ఇరుసు ఎత్తులో చిన్న సంచులు కట్టి, బరువులో నూటికి నలభై దాకా ముందుకు పంచుతారు. రెండు పక్కలా తూకం సరిసమానంగా ఉండాలి. పాలక్యాన్లు కట్టేవాళ్ళు చేసేది సరిగ్గా ఇదే.

సంచుల్లో ఇంగ్లండులోని నెల్సన్ పట్టణపు కారడైస్ కంపెనీ 1932 నుంచి దళసరి నూలు గుడ్డతో కుడుతోంది. జర్మనీ ఆర్ట్‌లీబ్ కంపెనీ 1980ల నుంచి లారీ టార్పాలిన్ వంటి గుడ్డతో నీరు చొరని సంచులు చేస్తోంది. కళ్ళంలో ధాన్యం మీద కప్పే పట్టా సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. టార్పాలిన్ కుట్టే దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకుంటే మనకు సరిపోతుంది. లోపల గట్టి అట్ట, కొక్కేలు, కింద చక్రం వైపు ఊగకుండా ఒక పట్టీ, ఈ మూడూ ఉండాలి.

సీటు మెత్తగా ఉంటే సుఖమనుకోవడం సహజం. కాని గంట దాటితే మెత్తని స్పాంజి ఎముకల పక్కనున్న కండను నొక్కుతుంది. బ్రూక్స్ వంటి తోలు సీట్లను యాత్రికులు ఇష్టపడేది, అవి తొక్కేవారి ఎముకల ఆకారానికి నెమ్మదిగా ఒదిగిపోతాయి కనుక. తోలు తడవకూడదు, తడిస్తే సాగుతుంది.

దీపానికి 6 వోల్టుల, 3 వాట్ల డైనమో చాలు. ఇక పనిముట్లు: రెండు ట్యూబులు, పంపు, ప్యాచీలు, పాన, చైను పిన్ను తీసే సాధనం, నాలుగు పుల్లలు, ఒక బ్రేకు తీగ. వీటితో విప్పలేని నట్టు ఏదైనా మీ సైకిలుకు ఉంటే, ప్రయాణానికి ముందే దాన్ని మార్చేయండి.

6. మారకం

పాశ్చాత్య దేశాల్లో సైకిలు ప్రియుల మధ్య పాత భాగాల బజారు పెద్ద సంప్రదాయం. ఇంగ్లండులో దాన్ని జంబుల్ అంటారు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు గయోలే అనే ఊళ్ళో 1997లో మొదలైన ఎరోయికా యాత్రలో పాత సైకిళ్ళనే తొక్కుతారు. అక్కడ పాత భాగాల సంత కూడా జరుగుతుంది. ఫ్రాన్సులో 1938 నుంచి ఉన్న అలెక్స్ సింజర్ దుకాణంలో చేసిన సైకిళ్ళ కోసం సముద్రాల అవతలి వాళ్ళు కూడా ఎదురుచూస్తారు.

ఈ బజార్లలో అందరూ డబ్బున్నవారే అనుకోకండి. ఒకరికి పనికిరాని ఫ్రీవీలు ఇంకొకరికి కావాలి. కాని భాగం మంచిదైనా మన సైకిలుకు పట్టకపోతే అది ఇనుప ముక్కే. అందుకని కొనేముందు తెలుసుకోవలసినవి కొన్ని:

మొదటిది, పెడలు ఇరుసు కప్పుల మరలు. ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది. ఇటలీ, పాత ఫ్రెంచి పద్ధతుల్లో రెండువైపులా కుడి మరే. ఇది తెలియక పాన బిగించి బలం చూపితే ఫ్రేము మరే పోతుంది.

రెండవది, వెనుక ఫోర్కు వెడల్పు. అయిదు పళ్ళచక్రాల పాత సైకిలులో 120 మి.మీ., ఆరేడు ఉంటే 126, తర్వాత 130, కొండ సైకిళ్ళలోనూ చాలా యాత్రా సైకిళ్ళలోనూ 135. ఉక్కు ఫ్రేమునైతే నేర్పరి జాగ్రత్తగా కొద్దిగా వెడల్పు చేయవచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను ఎన్నటికీ వంచకూడదు.

మూడవది, ఫ్రేము వంకర. ఒక దారాన్ని వెనుక ఇరుసు పట్టే చోట ఒకవైపు కట్టి, ముందు తలగొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపుకు తెచ్చి బిగించండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఇంతకన్నా చవకైన పరికరం ప్రపంచంలో లేదు.

నాలుగవది, దెబ్బ గుర్తులు. తలగొట్టానికి కొంచెం వెనుక, పై గొట్టం, వాలు గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంటే, అది దేనికో గుద్దుకున్న సైకిలు. దాని ధర ఎంత తగ్గించినా వద్దు.

అయిదవది, సీటు కడ్డీ కదులుతుందా? ఉక్కు గొట్టంలో అల్యూమినియం కడ్డీ ఏళ్ళ తరబడి చెమటతో, వానతో తడిసి ఉంటే రెండు లోహాలూ కలిసి ఒక ఘటమవుతాయి. మనం చదివిన విద్యుద్రసాయన శ్రేణి ప్రకారం అల్యూమినియమే తుప్పుపట్టి ఉబ్బి, కడ్డీ బిగుసుకుపోతుంది. ఏటా ఒకసారి తీసి గ్రీజు రాస్తే ఈ బాధ లేదు.

ఆరవది, చైను. లంకెల మధ్య దూరం అర అంగుళం. కాబట్టి కొత్త చైనులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి చూడండి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చే సమయమైంది. అంతకు మించి సాగిన చైను ఫ్రీవీలు పళ్ళను కూడా తినేస్తుంది.

చివరిది, అమ్మేవాడి నిజాయితీ. పేరున్న మారకందారులు తమ వస్తువులోని లోపాన్ని ముందు చెప్పి, తర్వాత గుణం చెబుతారు. పగులున్న పెడలు కట్టెను అమ్మరు, ఎవరూ వాడకుండా విరిచి పారేస్తారు. సంతలో ముసలి ఎద్దును పళ్ళు దాచి అమ్మినవాడిని ఊరు ఏళ్ళపాటు మరిచిపోదు. ఇక్కడ దాస్తే ఇంకా ఘోరం, కొన్నవాడు ఏ మలుపులో పడతాడో తెలియదు. అలాగే ఫ్రేము నంబరు చూసి, దొంగ సరుకు కాదని నమ్మకం కుదిరాకే చెయ్యి కలపాలి.

7. మన నల్ల సైకిలు మాటేమిటి?

ఇంత చదివాక "మాకు ఇవేవీ లేవే" అని నిరాశపడనక్కరలేదు. మన నల్ల సైకిలును యాత్రికుడి కళ్ళతో చూడండి. వెనుక గొట్టాలు పొడవు, క్యారియరు గట్టి, ఫ్రేము ఉక్కు, టైరు ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, బాగుచేసేవాడు రావిచెట్టు కింద ఉంటాడు. లోపాలు మూడే: తేలిక గేరు లేదు, వానలో ఇనుప రిమ్ము మీద బ్రేకు పట్టదు, పెడలు కట్టెల కాటర్లు వదులవుతాయి.

18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 పళ్ళది వేస్తే గేరు 68.4 నుంచి 56 అంగుళాలకు దిగుతుంది. ఆ ఘాటులో పాదం బలం 30.7 నుంచి 25.1 కిలోలకు తగ్గుతుంది. ఘాటు పూర్తిగా ఎక్కలేకపోవచ్చు గాని, మైదానంలో ఎదురుగాలికి, చిన్న మిట్టలకు ఇది గొప్ప ఉపకారం. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేసుకుని, వానలో నెమ్మదిగా దిగి, కాటర్లు బిగించుకుంటే రోజుకు యాభై, అరవై కిలోమీటర్లు హాయిగా తిరగవచ్చు. మరీ నిటారుగా ఉన్నచోట దిగి నెట్టడం నామోషీ కాదు.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఆటస్థలం గదిలో ఒక అలమర, ఒక పానల పెట్టె, ఒక నోటుపుస్తకం ఏర్పాటుచేస్తే చాలు. పాత సైకిలు భాగం ఎవరి దగ్గర ఉన్నా దాన్ని కొలిచి, లోపం ఉంటే లోపమూ రాసి, అక్కడ పెట్టాలి. కావలసినవారు కొలత చూసి తీసుకుని, తమ దగ్గరున్నది ఇవ్వాలి. ఊళ్ళలో అటకల మీద తుప్పుపట్టే సైకిళ్ళు మనందరి ఇళ్ళలో ఉన్నాయి. ఒకరి అటక మీది చక్రమూ, ఇంకొకరి అటక మీది ఫ్రేమూ కలిస్తే, ఫీజు కట్టడానికే తంటాలుపడే విద్యార్థికి కూడా యాత్రా సైకిలు సమకూరుతుంది. దానికి కావలసింది ఒక టేపు, ఒక దారం, కొంచెం నిజాయితీ.